మాదన్న మంత్రిపై గోలకొండ కుట్ర

మూసీనదికి ఉత్తరపు గట్టున, పురానాపూలు వంతెనకు చేరువలో, ఇత్తడి రాగి పాత్రలును, ఎండుమిరప పసుపు ధనియాలును, బాదము జీడిపప్పులును మూటలకొలది టోకున చేతులు మాఱుచుండెడి బేగం బజారును ఎఱుగని హైదరాబాదు గృహస్థు లేడు. రెండవ నిజామైన నిజాం అలీఖాను భార్య హుమ్దా బేగము ఆ నేలను వర్తకులకు దానముగా నిచ్చెననియు, అందుచేతనే దానికా పేరు కలిగెననియు ప్రతీతి. ఆ బజారు పొరుగుననే గోషామహలు అను పేటయు, ఆ పేటలో ప్రాచీనమైన యొక బారాదరియు కలవు. 1872 మొదలు ఫ్రీమేసనుల సమాజమందిరమై యున్న ఆ కట్టడమును గోలకొండ కడపటి సుల్తాను అబుల్ హసన్ తానీషా 1682 ప్రాంతమున తన అంతఃపురస్త్రీల విహారార్థము నిర్మింపజేసెనని చెప్పుదురు. ఆ భవనము నిలిచిన నాలుగైదేండ్లకే ఆ రాజ్యమునకు ప్రధానమంత్రియైన మాదన్న పంతులు దుర్గవీథిలో హతుడయ్యెను. ఆ హత్యను తలపెట్టినవారు ప్రభువర్గమువారు; దానికి అండగా నిలిచినవారు పూర్వ సుల్తాను విధవలు. తెలుగునేల చరిత్రలో రాజాస్థాన కుతంత్రము ఇంత క్రూరముగాను, ఇంత నిష్ప్రయోజనముగాను పరిణమించిన ఘట్టము మఱియొకటి అరుదు. కావున దానిని ఆమూలాగ్రముగ విచారించుట మనకు విధి.

1672వ సంవత్సరము ఏప్రిలు నెలలో అబ్దుల్లా కుతుబ్‌షా పుత్రసంతానము లేక మరణించెను. పెద్దయల్లుడగు సయ్యద్ అహ్మదు అరబ్బుదేశమునుండి వచ్చిన విద్వాంసుడు, ప్రతాపశాలి, అహంకారి. సింహాసనము తనదేయని నమ్మియుండెను. చిన్నయల్లుడగు అబుల్ హసనో, రాజవంశబంధువే యయ్యును యౌవనమంతయు షా రాజు అను సూఫీగురువు మఠమునందు శిష్యుడై గడపినవాడు, సౌమ్యుడు, సంగీతప్రియుడు. పెద్దయల్లుని దర్పమును సహింపజాలని సేనానాయకులు సయ్యద్ ముజఫరు నాయకత్వమున ఏకమై, అంతఃపురద్వారములయొద్ద కత్తులు దూసి, అబుల్ హసనుని గద్దెపై కూర్చుండబెట్టిరి. మెత్తనివాడు రాజైనచో అధికారము తమచేతనే యుండునని వారి యూహ. ఆ యూహ కొంతకాలము ఫలించెను. ముజఫరు సర్వాధికారియై, సుల్తానును నామమాత్రునిగ జేసి, కోశమును సేనను తన గుప్పిట నుంచుకొనెను.

ఆ ముజఫరుయొద్ద లెక్కలు వ్రాయుచు పైకి వచ్చినవాడు మాదన్న. హనుమకొండ ప్రాంతపు నియోగిబ్రాహ్మణకుటుంబమున భానోజీ పంతులు కుమారుడై జన్మించి, సోదరుడగు అక్కన్నతో గూడ కొలువునకు వచ్చి, పారసీకమును, కరణీకమును, దేశపు ఆదాయవ్యయములను కరతలామలకము చేసికొనెను. యజమానుని బంధమునుండి తప్పించుకొన దలచుచున్న సుల్తానునకు, ఏ సర్దారు విశ్వాసము ఎంత వెలకు దొరకునో యెఱిగిన ఈ లేఖకుడే సహాయుడయ్యెను. ముజఫరు అనుచరులు ఒక్కొక్కరే రాజపక్షమునకు తిరిగిరి. రక్తపాతము లేకయే ముజఫరు పదచ్యుతుడయ్యెను. 1674 నాటికి మాదన్న సూర్యప్రకాశరావను బిరుదముతో మీర్ జుమ్లా పదవి నధిష్ఠించెను. తనను బంధించినవాని చేతినుండి తనను విడిపించిన మంత్రిని అబుల్ హసన్ తుదివఱకు విడువలేదు. లోకమునకు రాజప్రియుడుగా కనబడిన మాదన్న ఆధిపత్యమునకు మూలము ఈ కృతజ్ఞతయే.

అతని పరిపాలనను గుఱించి న్యాయముగ చెప్పవలెనన్నచో ముందుగా గోలకొండ ఆదాయవిధానమును తెలిసికొనవలెను. ఆ రాజ్యమున పరగణాల శిస్తు గుత్తలకు వేలము వేయుట మాదన్న కల్పించిన పద్ధతి కాదు. 1618 మొదలు 1622 వఱకు మచిలీపట్టణమున నుండిన ఆంగ్లవర్తకుడు మెథ్‌వోల్డు నాటికే ఏటేట గుత్తలు పాడుటయు, అధికముగ పాడినవాడు రైతును పీడించి రాబట్టుకొనుటయు అలవాటై యుండెను. ఆ గుత్తలను, కోటల పాలనను, రేవుల సుంకమును అనుభవించుచుండినవారు అధికముగ ఇరానునుండి వచ్చిన ప్రభువులును, వారి నాశ్రయించిన సేనానులును. మాదన్న ఆ పదవులలో పెక్కింటిని లెక్కలలో ఆరితేరిన స్థానిక నియోగులకును, తన బంధువులకును అప్పగించెను. కంచికిని చెన్నపట్టణమునకును చేరువనున్న సీమ పొదిలి లింగన్న చేతికి వచ్చెను. అక్కడి ఆంగ్లేయులు ఆతనితో చిరకాలము చిక్కులు పడిరి. సైన్యమున మేనల్లుడు రుస్తుంరావు ప్రసిద్ధికెక్కెను. తమకు వెళ్లిపోవుటకు వేఱుదేశము లేదనియు, ఈ దేశక్షేమమే తమ క్షేమమనియు, ఇతరులు ధనమార్జించి స్వదేశములకో పుణ్యస్థలములకో తరలిపోవువారనియు అక్కన్న డచ్చివారి ప్రతినిధితో వాదించినట్లు వారి కాగితములు తెలుపుచున్నవి. ఈ మాటలో అభిమానమెంతో రాజనీతియు అంతే కలదు: దేశపు ఆదాయము దేశముననే యుండవలెనను తలంపు అందులో స్పష్టము.

అయినను దోషములను దాచుట చరిత్రకారునకు తగదు. గుత్తల పద్ధతిని మాదన్న మాన్పలేదు. దానిని మఱింత కట్టుదిట్టము చేసెను. బంధుపోషణము నిస్సందేహముగ జరిగెను. ఒకే కుటుంబమున కోశము, పాలన, సేనలో భాగము చేరినపుడు నిర్మలచిత్తునికైనను అసూయాపరులు తప్పరు. కాని బంధుపోషణమొక్కటే యాతని నీతి యనుటకును వీలు లేదు. ఆతనికి మేనల్లుడని ప్రతీతిగల కంచెర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీలుదారుగ నుండి ప్రభుత్వపు ధనమును భద్రాచల రామాలయమునకు వెచ్చించినందున గోలకొండ చెఱసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని తెలుగువారందఱును చెప్పుకొనుచున్నారు. ఆ చెఱ నిజమగుచో, లెక్క చూపవలసివచ్చినపుడు సొంతవారికి సయితము ఆ కొలువున విముక్తి లేకపోయెనని ఒప్పుకొనవలసియే యున్నది.

పదవులు పోయిన ప్రభువుల కోపము మొదట జీవనభృతికి సంబంధించినది. అది క్రమముగ మతభాషను ధరించెను. ఇస్లాము రాజ్యమున బ్రాహ్మణుడు సర్వాధికారి యగుటయా యను మాట దివాణములో గుసగుసగా బయలుదేఱి, సైనికుల గుడారములకు వ్యాపించి, అంతఃపురమును చేరెను. అచ్చట అబ్దుల్లా కుతుబ్‌షా విధవలైన సరమా, జానీ సాహెబా అను రాణులు పూర్వవైభవమునకు సాక్షులై, కోశద్వారము ఒక కరణము చేతిలో నుండుట ఓర్వలేక యుండిరి. సుల్తాను సంగీతనృత్యములలో నిమగ్నుడై యుండగా రాజును ప్రజలు చూడనేరరు, మంత్రినే చూతురు. కావున శిస్తు పెరిగినను, జీతము ఆలస్యమైనను, వాన కురియకున్నను నింద యంతయు మంత్రిదే. ప్రియపాత్రునికి ఏ రాజ్యమునందైనను ఇదియే గతి: రాజుచేయు మేలు రాజుదగును, రాజుచేయు కీడు వానిదగును.

విదేశవ్యవహారములలో మాదన్న అనుసరించినది కత్తి అంచుమీద నడక. ఉత్తరమున మొగలాయి సామ్రాజ్యము 1636 మొదలు గోలకొండ నుండి కప్పము గుంజుచుండెను. 1656లో ఔరంగజేబు, అప్పటికి దక్కను సుబేదారుడు, దుర్గమును ముట్టడించి దాదాపు లోబఱచుకొనెను. అట్టి శత్రువు నెదిరించు బలము ఒంటరిగ గోలకొండకు లేదు. కావున మొగలులకు కప్పము చెల్లించుచునే, దక్షిణాపథరాజ్యములు మూడును ఒకదానికొకటి ఊతగా నిలుచునట్లు చేయ మాదన్న యత్నించెను. 1677 ఆరంభమున శివాజీ హైదరాబాదునకు వచ్చినపుడు నగరము అలంకరింపబడెను. సుల్తానును ఛత్రపతియు సమానాసనములపై కూర్చుండి మాటలాడిరి. మాదన్న ఇంట ఆతని తల్లి స్వయముగ వండి శివాజీకి వడ్డించెనని మహారాష్ట్ర చరిత్రగ్రంథమగు బఖరు చెప్పుచున్నది. కర్ణాటక దండయాత్రకు గోలకొండ ఫిరంగులను, దినమునకు 3,000 హొన్నులను ఇచ్చుటకు ఒడంబడిక జరిగెను. ఏటేట లక్ష హొన్నులు మరాఠాలకు ముట్టుచుండెను. అది రక్షణకై పెట్టిన వ్యయమని మాదన్న యెంచెను. ద్రోహమని ఢిల్లీ పాదుషా యెంచెను.

1685లో ఔరంగజేబు బిజాపురమును ముట్టడించుచుండగా, ఆ రాజ్యమునకు సైన్యసాహాయ్యము పంపుదునని అబుల్ హసన్ వ్రాసిన జాబు మొగలుల చేతికి చిక్కెను. వెంటనే యువరాజు షా ఆలము గోలకొండపైకి కదలెను. మల్ఖేడు చేరువను గోలకొండ సేన నెలలతరబడి గట్టిగనే నిలిచెను. కాని సేనాపతియైన మహమ్మద్ ఇబ్రహీము, మాదన్న పరిపాలనలోనే ఉన్నతపదవి నందినవాడు, శత్రువు చూపిన ఆశకు లోనై మొగలులలో చేరిపోయెను. దానికి ప్రతిఫలముగ మహాబత్ ఖాను అను బిరుదమును పొందెను. ఈ వార్త విన్న సుల్తాను మంత్రులతోనైన ఆలోచింపక, రాత్రికి రాత్రి హైదరాబాదు విడిచి గోలకొండ దుర్గమునకు పరుగిడెను. రాజే పారిపోయిన పిమ్మట ప్రజకు దిక్కేది? ఇండ్లు వాకిండ్లు తెఱచియుండగనే జనులు స్త్రీలను బిడ్డలను చేతబట్టుకొని మూసీ దాటి దుర్గము దారి పట్టిరి. వర్తకుల కొట్లును, ప్రభువుల భవనములును, రాజకోశమును కొల్లపోయెను. ఆ నాటి దోపిడిని చరిత్రకారుడగు ఖాఫీఖాను మొగలు పక్షపాతియై యుండియు కనికరముతో వర్ణించెను.

సంధికై ప్రార్థింపగా యువరాజు కొన్ని నిబంధనలు విధించెను. 1 కోటి 20 లక్షల రూపాయలు చెల్లింపవలెను; ఏటేట 2 లక్షల హొన్నుల కప్పము కట్టవలెను; మల్ఖేడు, సేడం ప్రాంతములను వదలుకొనవలెను; మాదన్న అక్కన్నలను పదవులనుండి తొలగింపవలెను. మొదటి మూడింటిని అంగీకరించిన సుల్తాను నాలుగవదానిని మాత్రము నేడు రేపని జరుపుచు వచ్చెను. సంకటకాలమున ఆతడు చూపిన ఈ విశ్వాసమే ఆతని మంత్రికి మృత్యుహేతువయ్యెను. ఏలయన, ఇల్లు దోపిడియై దుర్గములో తలదాచుకొనియున్న ప్రభువులకును సైనికులకును, తమ కష్టములన్నిటికిని కారణము ఇద్దఱు మనుష్యులే యనియు, వారు లేనిచో శత్రువు మరలిపోవుననియు చెప్పుట సులభమయ్యెను. దుఃఖితులు కారణమును వెదకుదురు. కుట్రదారులు దానిని చూపెదరు.

షేక్ మిన్హాజు మొదలగు సర్దారులు ఆలోచన సాగించిరి. సరమా, జానీ సాహెబాలు తమ సమ్మతి నిచ్చిరి. 1686 మార్చి నెలలో ఒక రాత్రి మాదన్న సుల్తాను సన్నిధినుండి సెలవు గైకొని దుర్గవీథిని ఇంటికి మరలుచుండగా జంషీదను బానిస తన తోడివారితో మీదపడి ఆతనిని నఱికెను. అక్కన్నయు అదే సమయమున కూలెను. రుస్తుంరావును ఇంటివఱకు తఱిమి చంపిరి. అంతటితో ఆగక, గుంపులు బ్రాహ్మణుల యిండ్లపై పడి, ఆ రాత్రి పెక్కండ్రను చంపి, సొత్తు దోచుకొనిరి. మఱునాడు రాణులు సోదరుల శిరస్సులను మొగలు యువరాజునకు స్నేహసందేశముతో పంపిరి. అబుల్ హసన్ రాజ్యమునకు ప్రభువై యుండియు తన దుర్గములోనే జరిగిన ఈ ఘోరమునకు ఎవ్వరిని దండింపజాలకపోయెను. ఆ నిమిషమున గోలకొండ ప్రభుత్వము మరణించెననుట సమంజసము. తరువాత జరిగినది ఉత్తరక్రియ.

ఇట్టిది తెలుగుదేశమునందే జరిగినదనుకొనరాదు. అబుల్ హసన్ రాజైన 1672వ సంవత్సరముననే, ఆగస్టు 20వ తేదీని, హాలెండులోని హేగు నగరమున ప్రధానాధికారియైన యోహాన్ డి విట్, ఆతని అన్న కార్నెలిస్ అను సోదరులిద్దఱు జనసమ్మర్దముచే వీథిలో వధింపబడిరి. అచ్చటను శత్రువు, ఫ్రెంచిరాజు పదునాలుగవ లూయీ, సరిహద్దు దాటి వచ్చియుండెను; అచ్చటను దేశాపజయమునకంతకు ఆ సోదరులే కారణమని ప్రచారము జరిగెను. మాదన్న అక్కన్నల వృత్తాంతమును విపులముగ వ్రాసిన పాశ్చాత్యులలో ముఖ్యుడు, కోరమండలతీరమున ఆ హాలెండువారి డచ్చికంపెనీ కొలువు చేసి 1693లో ఆ తీరపు డచ్చి వర్తకస్థానముల ఉత్థానపతనములపై గ్రంథము ప్రకటించిన డానియల్ హవార్టు. పరాజయభీతి పట్టిన సమాజము బలికొఱకు వెదకునపుడు తూర్పు పడమరల భేదము లేదు. కాని ఒక భేదము మాత్రము చెప్పదగినది. డచ్చిదేశము తన సోదరులను బలి యిచ్చియు శత్రువును నిలువరించెను; గోలకొండకు ఆ భాగ్యమును దక్కలేదు.

ప్రభువులు ఆశించిన శాంతి పదునెనిమిది నెలలైన నిలువలేదు. 1686 సెప్టెంబరులో బిజాపురము లొంగెను. 1687 ఆరంభమున ఔరంగజేబు స్వయముగ గోలకొండ గోడలముందు దిగెను. మంత్రులు చనిపోయి యేడాది కావచ్చుచున్నను, అవిశ్వాసులకు అధికారమిచ్చితివనియు, శివాజీ కుమారుడగు శంభాజీకి లక్ష హొన్నులు పంపితివనియు పాత నేరములనే సుల్తానుపై మోపెను. కోరిన తలలు ముట్టిన పిమ్మటను కోరిక తీఱలేదు; పాదుషాకు కావలసినది వజ్రపుగనుల రాజ్యము. ముట్టడి ఎనిమిది నెలలు సాగెను. వానలును, కఱవును, తమ సొరంగములే తమపై పేలుటయు మొగలులను బాధించెను. తుదకు సెప్టెంబరు 21వ తేదీని అబ్దుల్లా పన్నీ యను అఫ్గాను సర్దారు లంచము గొని తెల్లవాఱుజామున ద్వారము తెఱచెను. అబుల్ హసన్ దౌలతాబాదు చెఱలో శేషజీవితమును గడపెను. ఆ ముట్టడియందు ఫిరంగిగుండు తగిలి మరణించిన మొగలు సేనాని కిలిచ్ ఖాను. ఆతని మనుమడు మొదటి నిజాము. కిలిచ్ ఖాను మునిమనుమడైన నిజాం అలీఖాను భార్యయే మొదట చెప్పిన బేగము. కుతుబ్‌షాహీల గోషామహలు పొరుగున ఆసఫ్‌జాహీల బేగం బజారు వెలయుటకు మధ్యనున్న చరిత్ర ఇది.

ఇక మాదన్న రాజద్రోహియా, రాజభక్తుడా యను ప్రశ్న. ఆతనికి పూర్వము అదే మీర్ జుమ్లా పదవిలో ఇరానునుండి వజ్రవర్తకుడై వచ్చిన మహమ్మద్ సయ్యదు ఉండెను. ఆతడు కర్ణాటకమును జయించి సొంతరాజ్యమువలె అనుభవించి, ప్రభువుతో విరోధము రాగానే ఔరంగజేబు పక్షమున చేరి, 1656లో షాజహాను వజీరయ్యెను. మాదన్న యట్లు చేసియుండవచ్చును, చేయలేదు. ఇట్లని పరదేశులందఱును ద్రోహులనుట ఘోరమైన అన్యాయము. కోటద్వారము తెఱచిన రాత్రి డెబ్బది గాయములు తగిలియు గుఱ్ఱము దిగక పోరాడిన అబ్దుర్ రజాకు లారీ ఇరానువాడే. ఆతని స్వామిభక్తికి ఔరంగజేబే అబ్బురపడి చికిత్స చేయించెను. విడిచిపోయిన ఇబ్రహీమునకును, ప్రాణములకు తెగించిన లారీకిని మతమొక్కటే. ప్రభువు కొలువున నేలకొఱగిన రుస్తుంరావు మతము వేఱు. విశ్వాసద్రోహములు కులమునుబట్టియు మతమునుబట్టియు పంచిపెట్టబడలేదు. ఆ పంపకమును తరువాత చేసినవారు చరిత్ర వ్రాసిన విజేతలు.

జనుల స్మృతియో విజేతల వ్రాతకు లోబడలేదు. నగరమున మాదన్నపేట కలదు. షాలిబండ చేరువ హరిబౌలియందలి మహంకాళి గుడిని ప్రజలు నేటికిని అక్కన్న మాదన్న గుడియనియే పిలుతురు. ఆషాఢమాసపు బోనాలలో ఏనుగుపై ఊరేగు ఘటము ఆ గుడినుండియే బయలుదేఱును. గోలకొండ దుర్గమున వారి కచ్చేరీ యని ఒక కట్టడమును చూపుదురు. వారికంటె వేయేండ్లు పూర్వము తొలిచిన బెజవాడ గుహలకు సయితము ఆంధ్రప్రజ వారి పేరే పెట్టుకొన్నది. రామదాసు కథలో తానీషా దయామూర్తియై నిలిచినాడు. ఏ కులమువారైనను, ఏ మతమువారైనను తెలుగువారు ఆ సుల్తానును ఆ మంత్రులను ఒకే కథలోని ఆత్మీయులుగ తలచుచున్నారనుట వారి హృదయౌదార్యమునకు సాక్ష్యము.

నా యభిప్రాయమున ఈ వృత్తాంతము బోధించు నీతి యొక్కటి కలదు. మాదన్న పాలనలో అన్యాయములు లేవని యెవ్వరును చెప్పజాలరు. ఆతనిని నిలువరించుటకు, లెక్క యడుగుటకు, తప్పు ఋజువైనచో తొలగించుటకు గోలకొండలో ఏ సభయు, ఏ శాసనమును, ఏ న్యాయస్థానమును లేకపోయెననుటయే అసలు విషాదము. సుల్తాను మనస్సును త్రిప్పుట, అది సాధ్యము కానిచో రాత్రివేళ కత్తి నెత్తుట, ఈ రెండే ప్రభువులకు తెలిసిన మార్గములు. మాదన్న ముజఫరును తొలగించినదియు మొదటి మార్గముననే. మాదన్నను తొలగించినదియు రెండవ మార్గముననే. బహిరంగముగ ప్రశ్నించు హక్కు లేనిచోట కుట్రయే రాజకీయమగును. కుట్ర రాజకీయమైనచోట బయటి శత్రువునకు లోపలి ద్వారము తెఱచువాడు తప్పక దొరకును. పారసీక, డచ్చి, మరాఠీ, తెలుగు ఆధారములను ప్రక్కప్రక్కన నుంచి, ఏ పక్షపు ద్వేషమునకును లోను గాక, మాదన్న చరిత్రను పూర్ణముగ వ్రాయవలసిన బాధ్యత తెలుగు విద్వాంసులపై నున్నది. ఆ పని జరిగిననాడు, పాలకుని ప్రశ్నించుటకు ధర్మమైన మార్గము నేర్పఱచుకొనుట రాజ్యమునకు కోటగోడలకంటె దృఢమైన రక్షయని మన పిల్లలు తమ నగరపు కథనుండియే గ్రహింతురు.